డెన్మార్క్ నుంచి పిలుపొచ్చిన గైదా మాస్టారు

అక్టోబరులో ఒక మంగళవారం, పొద్దున పదింటికి మా సాంస్కృతిక భవనంలో ఫోను మోగింది. అక్కడ పుస్తకాలు చూసేదాన్ని నేనే, తాళాలు తీసేదాన్ని నేనే, పైకప్పు కారితే బకెట్టు పెట్టేదాన్ని కూడా నేనే. ఆ ఫోనుకి నెలకి రెండో మూడో కాల్స్ వస్తాయి, అవీ కరెంటు ఆఫీసు నుంచి. ఆ రోజు మాత్రం ఒక ఆడగొంతు ఇంగ్లీషులో పలకరించింది. డెన్మార్క్ నుంచి మాట్లాడుతున్నానంది.

నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఆవిడ నిదానంగా చెప్పింది కాబట్టి సరిపోయింది. వాళ్లదొక సంగీత పాఠశాల. పెద్దవాళ్లు అక్కడే బస చేసి నేర్చుకుంటారు. ఈ చలికాలం పన్నెండు వారాల పాటు పదకొండు మందికి మా తిత్తి వాద్యం గైదా నేర్పించాలని మా పక్క ఊరి ఖరితోన్‌తో మాట్లాడుకున్నారు. ఆ ఖరితోన్ కాస్తా ఆదివారం అక్రోటు చెట్టెక్కి, కాయలు దులుపుతూ జారిపడి, కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పాఠాలేమో వచ్చే సోమవారం మొదలు.

"ఆయన బదులు సిదెర్ గారిని పిలవమని ఆయనే చెప్పారు. గురువారం సాయంత్రంలోగా మాకు ఏ సంగతీ చెప్పాలి" అంది.

ఫోను పెట్టేసి, తలుపుకి తాళం వేయడం కూడా మరిచిపోయి పరుగెత్తాను.

సిదెర్ అన్నయ్య వడ్రంగి. తలుపులు, కిటికీలు చేస్తాడు. తీరిక దొరికితే గైదాలు చేస్తాడు. మా రొదోపి కొండల గైదా పెద్దది. ఆ మేకతోలు తిత్తిని చంకలో పెట్టి నొక్కితే, నింపాదిగా మాట్లాడే పెద్దాయన గొంతులా లోతుగా పలుకుతుంది. వారానికి రెండు సాయంత్రాలు మా భవనంలో ఆరుగురు పిల్లలకి నేర్పుతాడు. నేను వెళ్లేసరికి పెరట్లో బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. నేను చెప్పిందంతా విని పారని మట్టిలో గుచ్చాడు.

"ఖరితోన్ నా పేరు చెప్పాడా? చెయ్యి మీద పడ్డాడని ఎవరన్నారు? తల మీద పడుంటాడు."

"అదేం మాట అన్నయ్యా!"

"మరేంటమ్మా నెవ్యానా? ఇరవై రెండేళ్లుగా నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలికి పోతాడు. ఇవాళ ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందా?"

వాళ్ల గొడవ మా లోయలో అందరికీ తెలిసిందే. అప్పట్లో ఒక పోటీలో ఖరితోన్ వాయిస్తున్న గైదా పీక మధ్యలో మూసుకుపోయింది. ఆ గైదా చేసిచ్చింది అన్నయ్యే. "చేసినవాడికి చేతకాలేదు" అన్నాడు ఖరితోన్, మైకు ముందే. "వాయించడానికి ఊపిరి కావాలి, మీసాలుంటే చాలదు" అని అన్నయ్య కింది నుంచి అరిచాడు. జనం నవ్వారు. ఆ రోజుతో మాటలు బందు.

మధ్యాహ్నం భోజనానికి జోర్కా వదిన వచ్చింది. వదినకి పోస్టాఫీసులో ఉద్యోగం. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే, "వెళ్లు" అంది.

"ఎక్కడికో తెలిసే అంటున్నావా?"

"డెన్మార్క్‌కి. నెవ్యానా రోడ్డంతా అరుచుకుంటూ వచ్చింది కదా, స్టాంపులు కొనేవాళ్లు కూడా విన్నారు."

అన్నయ్య సాకులు మొదలుపెట్టాడు. దుంపలు ఇంకా సగం మట్టిలోనే ఉన్నాయన్నాడు. చలికాలానికి కట్టెలు కొట్టలేదన్నాడు. డెన్మార్క్‌లో ఒక్క కొండైనా లేదట, అక్కడ గైదా వాయిస్తే ఆ మోత ఎక్కడ తగిలి తిరిగొస్తుందన్నాడు. వదిన చిక్కుళ్ల పులుసు వడ్డిస్తూ అన్నీ వింది.

"అసలు సంగతి చెప్పవయ్యా."

అన్నయ్య చెంచా కింద పెట్టాడు. "నాకు వాళ్ల భాష రాదు. ఇంగ్లీషూ రాదు. నోరు లేకుండా పాఠం ఎట్లా చెప్తానే? నా పాఠంలో సగం తిట్లే."

"తిట్లు తీసేస్తే మిగతా సగం ఉంటుంది కదా, అది చెప్పు."

నాకు నవ్వాగలేదు. అన్నయ్య నా వైపు గుర్రుగా చూశాడు.

"నవ్వు నెవ్యానా, నవ్వు. పదకొండు మంది నా మొహం చూస్తూ కూర్చుంటే, నేను గోడ చూస్తూ నిలబడాలి."

వదిన చేతులు తుడుచుకుని, "అయితే నాకు నేర్పు" అంది.

"నీకా?"

"నాకే. ఇరవై ఏడేళ్లుగా ఈ ఇంట్లో ఆ మోత వింటున్నాను, ఒక్క రోజూ దాన్ని ముట్టుకోలేదు. రేపు మధ్యాహ్నం సెలవు పెడతాను. నువ్వు నోరు విప్పకుండా నేర్పాలి. నేను ఒక్క ముక్క పాట పలికించానా, నువ్వు బస్సెక్కాలి. పలికించలేదా, దుంపలు తవ్వుకో."

బుధవారం రెండు గంటలకల్లా వాళ్ల పెరటి గోడ మీద పదిహేను మంది ఎక్కి కూర్చున్నారు. పోస్టాఫీసు మూసేశారు కదా, చేసేదేముంది? ఎవరో పొద్దుతిరుగుడు గింజలు తెచ్చారు. అన్నయ్య ఎన్నిసార్లు నోరు విప్పాడో లెక్కపెట్టే పని నాకిచ్చారు.

వదిన బల్ల మీద కూర్చుంది. అన్నయ్య గైదా తెచ్చి ఆమె చంకలో పెట్టాడు. ఆమె ఊదింది. తిత్తి ఉబ్బింది. నొక్కింది. వచ్చిన చప్పుడికి కుక్క లేచి పక్కింటికి పారిపోయింది.

"అట్లా కాదే!" అన్నాడు అన్నయ్య.

"ఒకటి!" అని నేను అరిచాను. గోడ మీద వాళ్లు చప్పట్లు కొట్టారు.

అన్నయ్య పెదాలు బిగించి, మా వాళ్ల అలవాటు ప్రకారం వద్దన్నట్టు తల పైకీ కిందికీ గట్టిగా ఆడించాడు. అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది.

"అన్నయ్యా! అక్కడ తల అట్లా ఆడిస్తే అవునని! మనం కాదనేదానికి వాళ్లు అవునంటారు. మనం అవునని తల అడ్డంగా తిప్పితే వాళ్లకి కాదని."

అన్నయ్య రెండు చేతులతో తల పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "నోరూ పోయింది, తలా పోయింది. ఇంకేం మిగిలింది నాకు?"

"రెండు!" అని నేను లెక్కపెట్టాను. "చేతులు మిగిలాయి" అంది వదిన. "కానియ్."

అన్నయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. తర్వాత లేచి, గైదా తన చంకలోకి తీసుకుని, ఆమె అరచేతిని తన పక్కటెముకల మీద పెట్టుకుని వాయించాడు. చెయ్యి ఎప్పుడు నొక్కుతోందో, ఊపిరి ఎప్పుడు లోపలికి పోతోందో ఆమె చేతికి తెలియాలని. వదిన కళ్లు మూసుకుంది. అట్లా ఒక పాట, రెండు పాటలు. గింజలు నమిలేవాళ్లు నమలడం ఆపారు. తర్వాత గైదా ఆమెకిచ్చి, వెనక నిలబడి, తన మోచేతిని ఆమె మోచేతి మీద ఆనించాడు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు అతను నొక్కాడు. ఆ తర్వాత అతని చెయ్యి మెల్లగా తేలికైపోయింది. చివరికి తీసేశాడు కూడా. వదినకి తెలియలేదు. శ్రుతి గొట్టం మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది.

వేళ్ల పాఠం ఆమె వీపు మీద చెప్పాడు. ఏ రంధ్రం మీద ఏ వేలు లేవాలో ఆ వేలితో భుజం మీద తట్టేవాడు. తప్పు పడితే అరచేయి ఆనించేవాడు, అంటే ఆగమని. మళ్లీ మొదటి నుంచి. వదిన ఒకసారి చక్కిలిగింత పుట్టి పగలబడి నవ్వింది, గైదా కూడా ఆమెతో పాటు కీచుమని నవ్వినట్టే మోగింది. గంటన్నర గడిచాక, మా పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని బయటికి తీసుకొచ్చేటప్పుడు వాయించే పాట మొదటి చరణం కుంటుకుంటూ బయటికొచ్చింది. కుంటినా అదేనని అందరికీ తెలిసింది. గోడ మీద ముసలమ్మ ఒకామె గట్టిగా పాడటం మొదలుపెట్టింది. అన్నయ్య నోరు తెరుచుకునే ఉంది. కళ్లల్లో నీళ్లు, మొహమంతా నవ్వు.

"రెండో వేలు ఇంకా బద్ధకంగానే ఉంది."

ఆ మాట గేటు దగ్గర నుంచి వచ్చింది. చూస్తే ఖరితోన్. చేతికి సిమెంటు కట్టు, మెడలో గుడ్డ, మీసాలు మాత్రం యథాస్థానంలో.

ఇరవై రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"నా పేరు ఎందుకు చెప్పావు?" అన్నాడు అన్నయ్య.

"మంచి మాస్టారు ఎవరని అడిగారు, చెప్పాను. మంచి గైదా ఎవరు వాయిస్తారని అడిగుంటే, రెండు చేతులూ విరిగినా నా పేరే చెప్పుకునేవాణ్ణి."

గోడ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎగతాళా?"

"ఎగతాళి కాదురా." ఖరితోన్ గొంతు తగ్గించాడు. "మా అన్న కూతురు స్నెజానాకి నాలుగేళ్లు నేర్పాను. నాకు భయపడటం ఒక్కటే నేర్చుకుంది. తర్వాత నీ దగ్గరికొచ్చింది. పోయిన వేసవిలో చర్చి ముందు అది వాయిస్తుంటే చెట్టు చాటున నిలబడి విన్నాను. ఆ రోజు నుంచి నీతో ఒక మాట అనాలని ఉంది. రోడ్డు దాటి రావడానికే ఇంతకాలం పట్టింది."

అన్నయ్య దాచుకున్న అసలు కారణం బయటపెట్టాడు. "నా పిల్లలు ఆరుగురున్నారు. డిసెంబరు ఆఖర్లో వాళ్ల కచేరీ. పన్నెండు వారాలు వదిలేస్తే చేసిందంతా నీళ్లపాలే. దుంపలు, కట్టెలు, భాష... అవన్నీ ఉత్తవే. నాకు కాళ్లు కదలనిది వాళ్ల కోసం."

వదిన అతని వైపు తిరిగింది. "ఆ ముక్క నిన్ననే చెప్పొచ్చు కదయ్యా, నాకీ ఆయాసం తప్పేది!"

"నేను చూస్తాను వాళ్లని" అన్నాడు ఖరితోన్.

"నువ్వు ఏడిపిస్తావు."

"నువ్వు నోరు లేకుండా నేర్పుతావట, నేను చెయ్యి లేకుండా నేర్పలేనా? తిడితే ఈ నెవ్యానా నాక్కూడా లెక్కపెడుతుంది."

అన్నయ్య అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. చివరికి తల అడ్డంగా, ఇటూ అటూ, సంతోషంగా తిప్పాడు. గోడ మీద వాళ్లంతా ఒక్కసారి కేకలు పెట్టారు. నేను ఫోను దగ్గరికి పరుగెత్తి, తల ఏమాత్రం ఆడించకుండా, నోటితోనే అవునని చెప్పాను.

తర్వాతి రెండు రోజులు ఆ ఇంట్లో తల సాధన. పులుసు కావాలా అని వదిన అడిగితే కావాలని అన్నయ్య పైకీ కిందికీ ఆడించేవాడు. ఆమె అలవాటు కొద్దీ గిన్నె తీసేసేది. "జోర్కా, నేను డెన్మార్క్‌లో ఉన్నానే!" అని అరిచేవాడు. శనివారం తెల్లవారే బస్సుకి, విమానం ఎక్కడానికి అన్నయ్య సోఫియా నగరానికి బయల్దేరే ముందు బంగాళాదుంప రొట్టె రెండు ముక్కలు కట్టిచ్చింది వదిన. గైదాని సామాన్లలో వేయనని పట్టుబట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి మాకు ఏదో చెప్పబోయి, తల ఎటు ఆడించాలో తెలియక చెయ్యి ఊపాడు.

వారం తర్వాత మా భవనానికి ఫోను చేశాడు. మొదటి రోజు హడావిడిలో సాధన అంతా మరిచిపోయాడట. వాళ్లు తప్పు వాయిస్తే పాత అలవాటున పైకీ కిందికీ ఆడించాడు. మెచ్చుకుంటున్నాడనుకుని వాళ్లు ఆ తప్పునే ఇంకా గట్టిగా వాయించారు.

"పదకొండు మందీ ఆ తప్పు ఎంత బాగా నేర్చుకున్నారనుకున్నావు! రెండో రోజు నుంచి వాళ్లు వాయిస్తుంటే తల గోడకి ఆనించి వింటున్నా. జోర్కాకి చెప్పు, వీపు మీద తడితే ఇక్కడ కూడా బాగా పనిచేస్తోందని. ముందు అనుమతి అడగాలట, అంతే తేడా. అన్నట్టు ఇక్కడ సముద్రం మీద మోత ఎంత దూరం పోతుందో తెలుసా? తిరిగి రాదు కానీ, ఎంత దూరం పోతుందో!"

ఇక్కడ ఖరితోన్ పిల్లలతో కుస్తీ పట్టాడు. మొదటి వారం పదిహేడు తిట్లు లెక్కపెట్టాను, మూడో వారానికి నాలుగు. పిల్లలెవరూ ఏడవలేదు. డిసెంబరు కచేరీలో వాళ్లు ఆరుగురూ కలిసి శ్రుతి నిలబెట్టినప్పుడు ఖరితోన్ మాత్రం జేబురుమాలు తీశాడు. మంచు పడి కళ్లు మండుతున్నాయన్నాడు. కచేరీ జరిగింది లోపల, పొయ్యి పక్కన.

జనవరిలో మోకాలి లోతు మంచులో బస్సు వచ్చి ఆగింది. ఖరితోన్ పిల్లల్ని వరసగా నిలబెట్టి స్వాగతం వాయింపించాడు. అన్నయ్య మెట్టు మీదే ఆగి, డ్రైవరు విసుక్కుంటున్నా దిగకుండా, పాట పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత దిగాడు.

"చివర నిలబడ్డ పిల్ల శ్రుతి కొంచెం తగ్గింది" అన్నాడు ఖరితోన్‌తో.

"చలికి తోలు బిగుసుకుందిరా! వచ్చీ రాగానే మొదలుపెట్టావు!"

"మిగతాది బాగుంది" అని అతన్ని కావలించుకున్నాడు అన్నయ్య. జోర్కా వదిన ఇద్దరినీ పక్కకి తోసి, "ముందు నన్ను చూడండయ్యా, నేనూ ఉన్నానిక్కడ" అంటూ మధ్యలోకి వచ్చింది.