ఎగిరిపోయిన రసం

తాండూరులో కంసాలి ఈరయ్య చేయి పడితే ఇత్తడి కూడా బంగారమవుతుందని పేరు. బంగారాన్ని పాదరసంలో ముద్ద చేసి, విగ్రహానికి పూసి, కుంపటి మీద కాస్తే రసం ఎగిరిపోయి బంగారు పూత నిలుస్తుంది. ఆ కిటుకు ఎవరి కంటా పడకూడదని తలుపు, కిటికీ బిగించి చేసేవాడు.

రజాకార్ల గొడవ అణిగిన కొన్నాళ్లకు మనిషి మారాడు. నలుగురినీ నవ్వించినవాడు, వాకిట్లో చెప్పుల చప్పుడైతే తలుపు వెనక నక్కేవాడు. చేతులు వణికేవి. కూరలో ఉప్పు తగ్గిందని కంచం గోడకు కొట్టి, మరుక్షణం పసిపిల్లాడిలా ఏడ్చేవాడు.

"గాలి సోకింది," అంది తల్లి శాంతవ్వ. యాలాల్ నుంచి మంత్రగాడు వచ్చాడు. కంసాలికి కుంపటే దేవుడు గదా అని, ఈరయ్యను ఆ గదిలోనే కూర్చోబెట్టి, ఆ కుంపట్లోనే సాంబ్రాణి వేసి, తలుపు మూశారు. బయటికొచ్చేసరికి వణుకు రెట్టింపయింది.

"మొండి దయ్యం. అమాసకు మల్ల కూసోబెడ్త," అన్నాడు మంత్రగాడు.

భార్య ఎంకమ్మకు భయం కన్నా అనుమానం ఎక్కువ. ఈలోగా భర్తను వికారాబాదులో తన తమ్ముడు పాండురంగం ఇంటికి తీసుకుపోయింది.

"బావా, సగం చాయ్ సాసర్ల, సగం అంగి మీద. నోట్లెకేం పోయింది?" అన్నాడు పాండురంగం. ఈరయ్య లేచి పెరట్లో దాక్కున్నాడు.

రోజులు గడిచాయి. ఒక పొద్దున చాయ్ తాగి, సాసర్ కింద పెట్టి ఈరయ్యే అన్నాడు. "బామ్మర్దీ, ఇయాల అంగికి చాయ్ దొరకలే!"

ఎంకమ్మ ఆశ్చర్యపోయింది. దయ్యానికి రైలు టిక్కెట్టు దొరకలేదా? తిరుగు రైల్లో అడిగింది.

"ఓ అయ్య, రసం ఎగిరిపోతదంటవు. తలుపులన్ని మూస్తే యాడికి పోతది?"

ఈరయ్య తన వేళ్ల వంక చూసుకున్నాడు. ధారూర్ దాటాక మెల్లగా అన్నాడు. "మా నాయన గూడ గీ రసం పనే చేసె. ఆయన చేతులు గూడ వణికేటియి."

ఆ రోజే అమావాస్య. ఇంటికొచ్చేసరికి గదిలో కుంపటి రాజుకుంది. మంత్రగాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చూడడానికి వాడకట్టంతా వచ్చింది. ఈరయ్య తల దించుకున్నాడు.

అతను లోపలికి పోయి, గుడ్డలతో కుంపటి పట్టుకుని, వణుకుతూనే వాకిట్లోకి తెచ్చాడు.

"నిప్పు బయటేస్తవార! లచ్చిమి పోతదిరా!" అని అరిచింది శాంతవ్వ.

"పోతే నన్ను బతకనిచ్చి పోతది గదనే అవ్వా. ఇగ రసం పని నాకొద్దు."

జనానికి వీపు పెట్టి కూర్చున్నాడు. "ఎంకమ్మా, పట్కారు తే. ముక్కుపుడకన్న చేస్త. గీళ్లందర్ని జర పొమ్మను."

ఎంకమ్మ పట్కారు తెచ్చింది గానీ, ఎవరినీ పొమ్మనలేదు.