మూడు మంచి మాటలు, ఒక తిట్టు

హాస్టల్ మెస్సులో వరస కదలడం లేదు. రామ్మూర్తి స్టీలు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముందు పదిహేను మందో పదహారు మందో ఉన్నారు, అందరి వీపులూ తెలిసినవే గాని ముఖాలు ఎవరూ ఇటు తిప్పరు, ఒక్క గేదెల అప్పలస్వామి మాత్రం వెనక్కి చూసి నవ్వుతాడు. అప్పలస్వామి పోయి మూడు నెలలయిందని రామ్మూర్తికి తెలుసు. పాడె మోసిన నలుగురిలో తనూ ఒకడు కాబట్టి తెలియకపోవడానికి వీల్లేదు, కానీ భోజనానికి వరసలో నిలబడ్డవాణ్ణి పట్టుకుని నువ్వు చచ్చిపోయావు కదరా అనడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాడు. వాడి నెత్తిన ఇరవయ్యేళ్ళ వయసు నాటి నల్లటి జుట్టు ఉంది, ఒంటి మీద హెలికాప్టరు నడిపేటప్పుడు వేసుకునే ఆకుపచ్చ దుస్తులున్నాయి, కాళ్ళకి మాత్రం హాస్టల్ హవాయి చెప్పులే.

"ఏట్రా, పళ్ళెం అట్టుకుని బొమ్మలా నిల్చుండిపోయావు? నా ముందుకి రా," అంటాడు అప్పలస్వామి.

"ఎనకోళ్ళు తిడతార్రా."

"తిట్టనీ. తిట్టించుకోడానికే కదా నాను వచ్చినాను."

రేపు ఇదే మెస్సులో అప్పలస్వామి సంస్మరణ సభ, మాట్లాడవలసింది తను. పదకొండో నంబరు గదిలో ఉన్న నలుగురికీ ఒక ఆచారం ఉండేది. ఎవరు గది ఖాళీ చేసి పోతున్నా మిగిలినవాళ్ళు వాడి గురించి మూడు మంచి మాటలూ, ఒక తిట్టూ చెప్పి సాగనంపాలి. తిట్టు నిజమైనదై ఉండాలి, కడుపులోంచి రావాలి. ఉత్తుత్తి తిట్టు తిట్టినవాడు వారం రోజులు అందరి బట్టలూ ఉతకాలి. ఉత్త పొగడ్తలు నెత్తిన పెట్టుకుని పోయేవాడికి దిష్టి తగుల్తుందని అప్పలస్వామి నాయనమ్మ అనేదట, అలా మొదలైంది. వాడు వైమానిక దళంలో చేరడానికి రైలెక్కిన రోజున రామ్మూర్తి, నీ సబ్బుకీ పరాయివాడి సబ్బుకీ తేడా తెలీదురా దొంగ వెధవా అని తిట్టి, రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద కూలబడి ఏడ్చాడు.

రేపటికి మంచి మాటలు మూడూ రాసేశాడు. మంచు కొండల్లో చిక్కుకున్న సైనికుల్ని హెలికాప్టర్లో దింపుకొచ్చాడనీ, పతకం వస్తే దాన్ని పెట్టెలోంచి ఒక్కసారి కూడా బయటికి తియ్యలేదనీ, రామ్మూర్తి తండ్రి పోయినప్పుడు ఎక్కడో కాశ్మీరు నుంచి వచ్చి దినం నాడు పంచె ఎగ్గట్టి వడ్డనకి నిలబడ్డాడనీ. నాలుగోదాని దగ్గర కలం ఆగిపోయింది. తిట్టు లేక కాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకటే తిట్టు కడుపులో ఉంది, దాన్ని వాడి భార్య సత్యవతి ఎదురుగా ఎలా కక్కడం అన్నదే బాధ.

వరస కదుల్తుంది. వంటమనిషి గరిటెతో సాంబారు పోస్తాడు, ఎప్పటిలాగే ఉత్త నీళ్ళు, అందులో ఒక పప్పుబద్ద దొరకాలంటే ఈత రావాలి, అతను పోస్తూనే ఉంటాడు, పళ్ళెం నిండి పొర్లి, నేల తడిసి, చీలమండలు మునిగి, మోకాళ్ళ దాకా వచ్చేసరికి అది సాంబారు కాదు, ఎర్రటి బురద నీళ్ళు, చల్లగా ఉన్నాయి, గడ్డీ కొబ్బరి మట్టలూ కొట్టుకొస్తున్నాయి, అయినా వరసలో ఎవరూ ఏమీ అనుకోవడం లేదు. "మీదకెళ్ళి తిందాం పద," అని అప్పలస్వామి మెట్లెక్కుతాడు. పైకి వెళ్ళి చూస్తే అది హాస్టల్ మేడ కాదు, రామ్మూర్తి ఉద్యోగం చేసిన సబ్‌స్టేషన్ కప్పు. ఇద్దరూ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటారు.

నలభయ్యేళ్ళ కిందట గోదావరి పొంగినప్పుడు రామ్మూర్తి అక్కడి లంకల దగ్గర అసిస్టెంట్ ఇంజనీరు. గట్టు తెగి నీళ్ళు తోసుకొస్తే లైన్‌మన్ పోలయ్యని పట్టుకుని ఈ కప్పెక్కాడు. మధ్యాహ్నం హెలికాప్టరొచ్చింది. పోలయ్య తలగుడ్డ విప్పి ఊపాడు, రామ్మూర్తి కుడి చెయ్యెత్తి గొంతు పోయేలా అరిచాడు. చొక్కా ఎగిరేంత కిందికి దిగింది, కాసేపు అక్కడే ఆగింది, తిరిగి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. మర్నాడు పడవ వచ్చేదాకా ఇద్దరూ వాన నీళ్ళు తాగి బతికారు. రెండేళ్ళ తరవాత గది స్నేహితులు నలుగురూ కలిసినప్పుడు అప్పలస్వామే అన్నం కలుపుకుంటూ మాటల మధ్య అన్నాడు, ఆ రోజు ఆ లంకల మీద తిరిగింది తనేనని. రామ్మూర్తి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ తరవాత ఏటా డిసెంబరులో కలిశారు, పేకాట ఆడుకున్నారు, మనవల ఫొటోలు చూపించుకున్నారు. అడగలేదు. చూశాను అంటాడేమోనని భయం.

"పెరుగెయ్యమంటావా?" అంటాడు అప్పలస్వామి. చేతిలో పెరుగు గిన్నె ఎక్కణ్ణించి వచ్చిందో.

"పెరుగు కాదురా. ఈ కప్పు మీంచి సెయ్యూపింది నాను. నన్ను సూసినావా, లేదా?"

"ఎన్ని కప్పుల్రా ఆ రోజు! అన్ని కప్పుల మీదా సేతులే. పైనుంచి సూస్తే ముఖాలగుపడవు."

"ఈ ఊళ్ళో నానున్నానని నీకు తెల్సు కదా?"

"తెల్సు." అప్పలస్వామి పెరుగన్నం తీరిగ్గా కలుపుతాడు. "పక్క కప్పు మీద నెలలు నిండిన ఆడమనిషి ఉన్నాదనుకో. ఆమెనెక్కించుకుని ఎల్లిపోయాననుకో. అప్పుడేటంటావు?"

"మంచి పని సేసినావంటాను."

"ఆయిలైపోవచ్చి తిరిగెళ్ళిపోయాననుకో."

"తప్పదు కదా అంటాను."

"సూసి కూడా, ఈడు మనోడే కదా, ఆగుతాడులే అనుకున్నాననుకో."

కింద నీళ్ళ మీద పదకొండో నంబరు గది తలుపు తేలుతూ పోతోంది, దాని మీద సుద్దతో రాసుకున్న నాలుగు పేర్లూ చెరిగిపోలేదు. రామ్మూర్తి దాన్నే చూస్తూ, "అప్పుడు తిడతాను. తిట్టి కావలించుకుంటాను," అంటాడు. "మూడిట్లో ఏదిరా? సెప్పరా."

"నన్నడుగుతావేట్రా? కల నీది. నాకు తెల్సింది నాతోనే కాలిపోయింది. ఇప్పుడు నానేటి సెప్పినా నీ నోట్లోంచి వచ్చిందే." వాడు ఆ మాట కోపంగా అనడు, జాలిగా కూడా అనడు, బస్సు తప్పిపోయిందని చెప్పినట్టు చెబుతాడు. "బతికున్నప్పుడు ఎందుకడగలేదు?"

"నువ్వెందుకు సెప్పలేదు?"

"నానసలు సూడనేలేదనుకో. సెప్పడానికేటుంటాది?"

నీళ్ళు తగ్గిపోతున్నాయి, కప్పు కిందికి దిగి మళ్ళీ మెస్సు గచ్చయింది, వరస ముందుకి జరిగింది, అప్పలస్వామి పళ్ళెం కడిగి బోర్లించి, చేతులు ఆకుపచ్చ దుస్తులకి తుడుచుకుంటున్నాడు. "ఎల్లొస్తానురా. నా తిట్టు ఏదిరా? ఎనకోళ్ళు ఆగున్నారు," అంటాడు. వాడు తలుపు దాటుతుంటే రామ్మూర్తి తిట్టడానికి బదులు చెయ్యెత్తుతాడు, రమ్మని ఊపుతున్నాడో వెళ్ళమని ఊపుతున్నాడో తనకే తెలియదు, ఊపుతూనే ఉంటాడు.

మెలకువ వచ్చేసరికి సాయంత్రం నాలుగయింది. భోంచేసి నడుం వాల్చినవాడు అలాగే నిద్రపోయాడు. కుడి చెయ్యి తల మీదుగా గోడకి ఆని నిటారుగా ఉంది, బాగా తిమ్మిరెక్కి, దించుదామంటే దిగడం లేదు.

టీ పట్టుకొచ్చిన భార్య నాగరత్నం గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటండీ, సెయ్యలా ఎత్తేసి పడుకున్నారు? ఎవుర్ని పిలుస్తున్నారు?"

ఆవిడ గ్లాసు కిటికీలో పెట్టి, రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించి, ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. రామ్మూర్తి కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. వాడు పోయిన రోజున కూడా అతను ఏడవలేదు.

"ఆ కాగితం అందుకో. నాను సెప్తాను, నువ్వు రాయి. నాలుగోది."

నాగరత్నానికి నాలుగోది ఏమిటో తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళుగా వింటున్నదే. "పాపం ఆ సత్యవతి ముందు వరద మాటెత్తుతారా?" అంది.

"ఎత్తుతాను. రాయి. ఒరే అప్పలసామీ, గోదావరి పొంగినప్పుడు నువ్వు నన్ను సూసినావో లేదో నాకు తెలీదు. అడగడానికి భయపడి ఇన్నేళ్ళు కడుపులో దాసుకున్నాను. ఈ డిసెంబరుకి ఎలాగైనా అడుగుదామనుకున్నాను. ఈలోగా మళ్ళీ ఆగకుండా ఎల్లిపోయావురా, గాడిదా."

ఆవిడ రాస్తూ రాస్తూ 'మళ్ళీ' దగ్గర కాసేపు ఆగింది. తరవాత పైటతో ముక్కు తుడుచుకుని, "గాడిద అని కూడా రాసీమంటారా? పెద్దోళ్ళంతా వస్తారు," అంది.

"రాయి," అన్నాడు రామ్మూర్తి. "అది లేకపోతే ఆడు ఎల్లడు."