పడితే లేచే బండి

మా అక్క జుల్మీరా పొట్టి మనిషి. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ ఎప్పుడూ తెలిసిందే. దాని మీద ఒక మేకల మంద ఉండేదీ పోయేదీ తేలుతుందని మాత్రం బండి కొనబోయేదాకా ఎవరికీ తట్టలేదు.

అక్క పొద్దున పట్నంలో బడి వంటశాలలో సూపు కాస్తుంది. మధ్యాహ్నం తన మోటారుసైకిలెక్కి కొండమీది మా పాత ఊరికెళ్ళి, మేకల పాలు పితికి, చీజు కట్టి, చీకటి పడకముందే దిగివస్తుంది. దారిలో సగం పట్నపు వీధులే. రాళ్ళు పరిచిన ఎగుడు, మలుపు మలుపుకీ సిగ్నల్ దీపం, వెనక హారన్ కొట్టే కార్లు. మిగతా సగాన్ని దారి అనకూడదు. వాననీళ్ళు కోసిన గండ్లు, చెస్ట్‌నట్ చెట్ల ముళ్ళకాయలు, తడిస్తే సబ్బులా జారే నల్ల పలకరాయి. ఈ రెండింటినీ ఓర్చుకున్న పాత బండి ఎండాకాలం చివర్లో ప్రాణం వదిలింది.

అప్పటినుంచి అక్క అల్లుడు టెల్మో తన కారులో కొండ మొదలు దాకా దింపుతుంటే, అక్క మిగతాది నడుస్తోంది. ఎన్నాళ్ళని? టెల్మో చెడ్డవాడు కాదు. మెత్తగానే చెప్పాడు. కాళ్ళు నేలకి ఆనే బండి దొరికితే సరే, లేకపోతే శనివారం సంతలో మేకలు అమ్మేద్దాం, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు అని. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదని నా మేనకోడలు చెప్పింది.

టెల్మో భయానికి కారణముంది. మూడు చలికాలాల కిందట మా బావ జెర్మానో వాగు మలుపు దగ్గర జారి పడ్డాడు. పెద్ద బండి. కాలిమీద పడింది. పొద్దున్నే వెతికి పట్టుకున్నది నేనూ టెల్మోనే. బావ మీసం మీద మంచు పేరుకుని ఉంది. ఆనాటినుంచి మా ఇంట్లో అందరిదీ ఒకటే కోరిక. పడని బండి కావాలి.

శుక్రవారం ముగ్గురం లియొనెల్ కొట్టుకి వెళ్ళాం. లియొనెల్ నాతో చదువుకున్నవాడే, పట్నానికీ కొండకీ రెండింటికీ పనికొచ్చే బండ్లు అమ్మడంలో పేరున్నవాడు. రెండు బండ్లు బయటికి తెచ్చాడు. ఒకటి తెల్లది. బలిసిన గేదెలా కిందికి కూర్చుని ఉంది. అక్క ఎక్కగానే రెండు పాదాలూ నిండుగా నేలకి ఆనాయి. టెల్మో ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. నాకూ గుండె కుదుటపడింది.

రెండోది ఎర్రది. సన్నగా, పొడుగ్గా, మిడతలా ఉంది. అక్క ఎక్కితే కాళ్ళు చర్చి బల్లమీద కూర్చున్న పిల్లదాని కాళ్ళలా వేలాడాయి. సీటు కొంచెం చెక్కించవచ్చు గానీ అంతకుమించి దించితే కొండరాయి పొట్టకి తగులుతుందన్నాడు లియొనెల్. దీన్ని లోపల పెట్టెయ్యండి అన్నాడు టెల్మో.

అక్క దిగింది. రెండింటి చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత తన కోటు విప్పి తెల్లబండి పక్కన నేలమీద పరిచింది.

"లియొనెల్, దీన్ని కింద పడుకోబెట్టు."

లియొనెల్ నా వైపు చూశాడు. "బేరానికొచ్చినవాళ్ళు తొక్కి చూస్తారు జుల్మీరా. తోసి చూడటం ఎక్కడా వినలేదు."

"ఇవాళ చూద్దువు గాని."

గీత పడితే నాదే బాధ్యత అని నేను ఒప్పించాక, మేమిద్దరం పట్టుకుని నెమ్మదిగా కోటుమీద వాల్చాం. అక్క బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో వెనక చట్రమూ పట్టుకుని, కాళ్ళతో నేలని తన్ని లేపబోయింది. మెడనరాలు ఉబ్బాయి. బండి జానెడు లేచి మళ్ళీ కూర్చుంది. రెండోసారి ఆ జానెడు కూడా లేవలేదు. నేను సాయం పట్టబోతే మోచేత్తో నెట్టేసింది.

టెల్మో దగ్గరికొచ్చాడు. "అత్తయ్యా, ఇది పడే బండి కాదు. రెండు కాళ్ళూ ఆనుతున్నాయి కదా."

"మీ మామయ్యకీ ఆనేవి నాయనా." అక్క ఇంకా ఆయాసపడుతూనే ఉంది. "ఆయన పడినందుకు పోలేదు. లేపలేక పోయాడు."

మూడేళ్ళుగా మేమందరం ఆ వాగు మలుపులో జారిన చక్రాన్నే తలుచుకుంటున్నాం. ఆమె మాత్రం ఆ తర్వాత బావ బండి కింద గడిపిన రాత్రిని తలుచుకుంటోందన్నమాట.

ఎర్రదాన్ని వాల్చాం. అక్క వీపు ఆనించి, ఒక్కసారి ఊపిరి బిగబట్టి తన్నింది. బండి లేచి నిలబడింది.

టెల్మో గొంతు తగ్గించి చాలాసేపు బతిమాలాడు. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ పడతారు, వెనక లారీ ఉంటే ఏం గతి అన్నాడు. అతను చెప్పినదాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. అక్క కూడా కాదనలేదు. ఆగేముందు సీటు మీద పక్కకి జరిగి ఒక కాలు దించుతానంది, నేర్చుకునేదాకా పడతానంది. బేరం కుదిరింది, లియొనెల్ ఎర్రబండి తాళంచెవి ఇచ్చాడు.

కొట్టు ముందు నుంచి వీధి నిటారుగా కిందికి దిగి, సిగ్నల్ దగ్గర ఆగుతుంది. మేము గుమ్మంలో నిలబడ్డాం. అక్క బాగానే దిగింది. దీపం ఎర్రగా మారింది. పక్కకి జరిగింది, కాలు దించింది, ఆ కాలు తడిరాయి మీద జారింది. బండీ మనిషీ కుడివైపుకి ఒరిగిపోయారు. వెనక కారు హారన్ కొట్టింది.

టెల్మో పరిగెత్తబోయాడు. ఎందుకో నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అక్క బండి కింద నుంచి కాలు లాక్కుంది. లేచి, దానికి వీపు ఆనించింది. ఒక తాపు. బండి నిలబడింది. కారువాడు హారన్ ఆపాడు. పచ్చదీపం పడేసరికి అక్క ఎక్కి కూర్చుంది. ఇంటివైపు తిరగలేదు. పాలు పితికే వేళైంది మరి, కొండవైపు తిరిగింది.

చప్పుడు వినపడినంతసేపూ ఇద్దరం కదల్లేదు.

"పైన కూడా అత్తయ్య పడతారా మామా?" అన్నాడు టెల్మో.

"పడుతుంది."

అతను ఫోను తీసి మేకలు కొనేవాడికి చేశాడు. శనివారం రావద్దని చెప్తున్నంతసేపూ అతని కళ్ళు కొండ మీదే ఉన్నాయి.