వేపమండలు తీసిన తలుపు

పెళ్ళయి వచ్చిన రోజున గడప మీది బియ్యం చెంబు చూసుకోకుండా తలెత్తి తలుపు చూసిందని ఆమనిని అత్త జగ్గమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. అయిదేళ్ళు కావస్తోంది. కానీ ఆ తలుపు అలాంటిది మరి. కళింగపట్నం రేవుకి ఓడలొచ్చే రోజుల్లో ఆ ఇంటి ముత్తాత ఒకాయన బర్మాలోని రంగం వెళ్ళి, కలప అడితిలో పదేళ్ళు చాకిరీ చేసి, తిరిగొచ్చేటప్పుడు టేకు చెక్కలు వెంటబెట్టుకొచ్చాడట. ద్వారబంధం పై పట్టె మీద గజలక్ష్మి, రెక్కల నిండా తామర తీగలు, తీగల్లో దూరి కూచున్న చిలకలు, వరసకి ఆరేసి ఇత్తడి బొడిపెలు. ఇంటి పెంకులు కారతాయి. గోడలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలతాయి. తలుపు మాత్రం మొన్న చేయించినట్టే ఉంటుంది. నెలకోసారి ఆమని కొబ్బరినూనె గుడ్డ పట్టుకుని చిలకల ముక్కులతో సహా తుడుస్తుంది.

ఆ తలుపుకి నాలుగు రోజులుగా వేపమండలు వేలాడుతున్నాయి. ఆమని కూతురు పైడిశ్రీకి అమ్మవారు పోసింది. మూడున్నరేళ్ళ పిల్ల. మొదట వీపు మీద నాలుగు నీటి పొక్కులు, తెల్లారేసరికి పొట్ట నిండా. జగ్గమ్మ మండలు గుత్తిగా కట్టి, గజలక్ష్మి ముఖం మీదుగా వేలాడేసింది. ఆ గుత్తి కనబడితే బయటివాళ్ళెవరూ ఆ గడప తొక్కరు. ఇంట్లోవాళ్ళు ఇంకొకరి గుమ్మం ఎక్కరు. పిల్లని చూసిపోడానికి వచ్చిన నర్సమ్మ కూడా ఆ గుత్తిని మెచ్చుకుంది.

"మంచిదేలే, బోర్డు కట్టినట్టుంటాది. కడుపుతో ఉన్నోల్లని మాత్రం అస్సలు రానీకు. సిన్నప్పుడు పోయనోల్లకయితే అంటుకుంటాది. పొట్టలో బిడ్డకి ముప్పు. ఎవులైనా పొరపాట్న వచ్చీసినారంటే ఎంటనే నాకు ఫోను సెయ్యి. బేగి ఇంజక్షన్ సెయ్యించాల."

ఆమనికి అసలే భయాలెక్కువ. పిల్ల తుమ్మితే ఒక భయం, తుమ్మకపోతే ఇంకో భయం. నాలుగు రోజులూ పిల్ల మంచం పట్టె విడవలేదు. అలాంటి మనిషి ఆవేళ ఆ పని ఎలా చేసిందో తనకే అర్థం కాదు.

భర్త దేవేంద్ర విత్తనాల కోసం బొబ్బిలి వెళ్ళాడు. జగ్గమ్మ పెసర చేలోకి వెళ్ళింది. పొద్దున్న తొమ్మిది దాటాక, వీధిలో బండి ఆగిన చప్పుడైతే ఆమని బయటికొచ్చింది. మెడలో కెమెరా వేసుకున్న కుర్రాడొకడు హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని తలుపు వంక చూస్తున్నాడు.

"మేడం, ఇది మీ ఇల్లేనాండీ?"

మేడం! ఆమని వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

అతని పేరు హరిచరణ్. విజయనగరం వాడు. బొబ్బిలి నుంచి సముద్రం దాకా ఊరూరా తిరిగి పాత ఇళ్ళ తలుపులు ఫొటోలు తీస్తున్నాడు. పుస్తకం వేస్తాడట. ఫోన్లో కొన్ని చూపించాడు. ఒక షావుకారి ఇంటి నీలం తలుపు, ఒక వీణల పనివాళ్ళ ఇంటి తలుపు, చెద తినగా సగం మిగిలిన మరో తలుపు.

"ఇంత శుభ్రంగా ఉన్న తలుపు నాకెక్కడా దొరకలేదు మేడం. ఎవరు చూసుకుంటారు దీన్ని?"

"నానే," అంది ఆమని.

"అయితే ఫొటో కింద మీ పేరే వేస్తాను."

తొమ్మిదో తరగతి సగంలో బడి మానిపించారు ఆమనిని. ఆ తరవాత రేషన్ కార్డు మీద తప్ప పేరు అచ్చులో ఎరగదు. పుస్తకంలో తన పేరు, దాని పైన తన చిలకలు. ఆ మాటకి లోపల ఏదో పొంగింది.

అతను కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు. "పైన ఆ ఆకులొక్కటే అడ్డమండీ, అమ్మవారి బొమ్మ కనబడట్లేదు. ఏదైనా పండగకి కట్టారా?"

చెప్పాలి. పిల్లకి పోసింది బాబూ, దూరంగా నిలబడు అనాలి. అంటే అతను బండెక్కి పోతాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఊరికే కట్టినాం," అంది.

"తీసి మళ్ళీ కట్టొచ్చా? ఇంకో అరగంటయితే ఎండ తలుపు మీంచి జారిపోతుంది."

అరగంటేగా అనుకుంది. అమ్మవారికి మనసులోనే దండం పెట్టుకుని, పీట ఎక్కి, మండలు విప్పి, అరుగు మీద బిందె వెనక పెట్టింది. తరవాత ఆమనికి ఒళ్ళు తెలియలేదు. తడిగుడ్డతో రెక్కలు తుడిచింది. వీధిలో ఉన్న సైకిలు పక్కకి తోసింది. ఒక రెక్క తెరిచి ఉంచమంటే తెరిచింది. అతను వంగి, కూచుని, నేల మీద బోర్లా పడుకుని తీస్తుంటే నవ్వొచ్చింది కూడా.

సరిగ్గా అప్పుడే వచ్చింది సుహాసిని.

వెనక వీధి కోడలు. దేవేంద్రకి అన్న వరసైన రమేష్‌బాబు భార్య, ఆమనికి అప్ప, అంటే అక్క వరస. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి కడుపు నిలబడింది. అంతకుముందు ఒకటి మూడో నెలలో పోయింది. ఇప్పుడు నాలుగో నెల. పది రోజులు ఎచ్చెర్లలో పుట్టింట్లో ఉండి ఆ ఉదయమే తిరిగొచ్చింది; ఇంట్లోవాళ్ళు అప్పటికే పనులకి పోయారు, పిల్ల సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేతిలో పిల్ల కోసం తెచ్చిన కజ్జికాయల పొట్లం.

"ఓలమ్మో, ఏటే ఇది, సినిమా తీస్తన్నారేటి? హీరోయినివి నువ్వేనా?"

"ఉండప్పా, తలుపుకి ఫొటో తీస్తన్నారు."

"తలుపుకా! మడుసులు నచ్చనేదు కాబోలు బాబుకి," అని సుహాసిని నవ్వుతూ మెట్టు మీదే నిలబడింది.

"కొంచెం పక్కకండీ, నీడ పడుతోంది," అన్నాడు హరిచరణ్.

"అప్పా, నువ్వు అడ్డం నేకుండా లోపలికెల్లి కూకో," అంది ఆమని. చేతిలో గుడ్డ, కన్ను చిలక ముక్కు మీది మరక మీద. తిరిగి చూడనైనా లేదు.

అతను ఇంకో పావుగంట తీశాడు. నంబరు తీసుకున్నాడు. మధ్యాహ్నానికి ఫొటో పంపుతానన్నాడు, రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. బండి మలుపు తిరిగాక ఆమని మండల కోసం బిందె వెనక చెయ్యి పెట్టింది. వేపాకు వేళ్ళకి తగిలింది. తను ఎవరిని లోపలికి పంపిందో అప్పుడు గుర్తొచ్చింది.

లోపలి గది చీకటిగా ఉంది. సుహాసిని మంచం మీద కూచుని ఉంది. పైడిశ్రీ తల ఆమె ఒళ్ళో. పిల్ల కజ్జికాయ సగం కొరికి, ఆమె చెయ్యి చెంప కింద పెట్టుకుని నిద్రపోయింది.

"ఒల్లు యెచ్చగా ఉన్నాదే దీనికి," అంది సుహాసిని గొంతు తగ్గించి. "మెడ మీద సెమట పొక్కులు కూడా. ఏటి, మందేసినావా?"

 చెప్పడానికి అదే సమయం. రెండు మాటలు చాలు. కానీ ఆ రెండు మాటలకీ వెనక ఇంకో మాట ఉంది, మండలేవీ అని. 

"వేసినాను. జొరం," అంది.

"సల్లగా కొబ్బరినీల్లు పట్టు." పిల్ల తల జాగ్రత్తగా దిండు మీదికి జరిపి, పైట సర్దుకుని, పెరటి దారిన ఇంటికి వెళ్ళిపోయింది సుహాసిని.

ఆమని మండలు మళ్ళీ కట్టింది. ముడి పడడానికి మూడుసార్లు పట్టింది.

ఆ తరవాత తనతో తనే వాదించుకుంది. సుహాసినప్పకి చిన్నప్పుడు పోసే ఉంటుంది. ఎవరికి పొయ్యలేదు కనక? పోసిన వాళ్ళకి మళ్ళీ రాదు. ఉత్తినే చెప్పి బెదరగొడితే అసలే నిలవక నిలవక నిలిచిన కడుపు. రేపు చూసి చెబుదాం. రేపు కాదు, సాయంత్రం. మాట మాటకీ నర్సమ్మ అన్నది అడ్డొచ్చేది, 'ఎంటనే'. పిల్లకి గంజి పట్టబోయి నేల పాలు చేసింది. ఫోను తీసి నర్సమ్మ నంబరు దాకా వెళ్ళి, నొక్కకుండా పక్కన పెట్టింది. ఎవరొచ్చారంటే ఏం చెప్పాలి, ఎలా వచ్చారంటే ఏం చెప్పాలి?

మూడు గంటలకి ఫోను టింగుమంది. హరిచరణ్ పంపిన ఫొటో.

బాగుంది. ఆమని అంత బాగా ఉంటుందనుకోలేదు. గజలక్ష్మి తలంటి పోసుకుని కూచున్నట్టుంది. చిలకలు ఎండలో రెక్క విదిలించేలా ఉన్నాయి. వేళ్ళతో పెద్దది చేసి ఒక్కో చిలకనీ చూసుకుంటూ, తెరిచిన రెక్క దాకా వచ్చింది. దాని వెనక చీకట్లో ఏదో పచ్చగా కనబడింది. ఇంకా పెద్దది చేసింది. సుహాసిని చీర అంచు. దాని మీద వాలిన చిన్న చెయ్యి.

ఆమని ఫోను బోర్లించింది.  మళ్ళీ తిప్పి, సుహాసినికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. పడుకుని ఉంటుంది. నాలుగో నెల నిద్ర.

పిల్ల నిద్రలోనే ఉంది. ఆమని పెరటి తలుపు చేరవేసి వెనక వీధికి నడిచింది.

సుహాసిని ఇంటి ముందు ఆగిపోయింది. అమ్మవారు ఉన్న ఇంటి మనిషి ఇంకొకరి మెట్టెక్కకూడదు. చేసిన తప్పు ఒకటి చాలు. ఇక చెప్పాలంటే నడివీధిలో నిలబడి అరవాలి, నలుగురూ వినేలా. పెసర చేలనుంచి ఆడవాళ్ళు తట్టలు నెత్తిన పెట్టుకుని అప్పుడప్పుడే వీధిలోకి వస్తున్నారు. వాళ్ళలో సుహాసిని అత్త ఉంది. జగ్గమ్మా ఉంది.

"అప్పా! సుహాసినప్పా!"

సుహాసిని కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "ఏటే, లోపలికి రా. అక్కడే నిలబడిపోనావేటి?"

"రాకూడదప్పా. మా పిల్లకి జొరం కాదు. అమ్మోరు పోసినాది. నాలుగు రోజులయినాది."



"తలుపుకి మండల్నేవు కదే," అంది సుహాసిని నెమ్మదిగా.

"నానే తీసీసినాను. ఫొటో కోసరం. నిన్ను లోపలికెల్లమన్నది కూడా నానే."  ఆమని ఇంకా గట్టిగా అడిగింది. "నీకు సిన్నప్పుడు పోసినాదా అప్పా? పొయ్యకపోతే ఇంజక్షన్ సెయ్యించాలంట. బేగి. నర్సమ్మ సెప్పినాది."

సుహాసిని అత్త తట్ట కింద పడేసింది. "ఓసి నీ కల్లు కాలా! ఫొటోకా? తలుపు బొమ్మకి నా మనవడిని బలెట్టీసినావేటే? తొమ్మిదేల్లు ముడుపులు కట్టినామే!"

ఎవరో జగ్గమ్మ వైపు తిరిగి, "మండలు ఇప్పితే అమ్మోరికి కోపం రాదేటి?" అన్నారు.

"అమ్మోరి సంగతి తరవాత," అంది జగ్గమ్మ. కోడలి వైపు చూడలేదు. "సుహాసినీ, ముందు మీయమ్మకి ఫోన్ సెయ్యి. నీకు పోసినాదో నేదో అడుగు."

సుహాసిని ఫోను తెచ్చి స్పీకరు పెట్టింది. ఎచ్చెర్లలో ఎత్తిన తల్లికి ఇక్కడి సంగతి తెలియదు. నిదానంగా గుర్తు తెచ్చుకుంది.

"నీకా? నీకు పొయ్యనేదు. మీ అన్నకి పోసినాది. గుమ్మానికి మండలు కట్టగానే నిన్ను మీ మేనత్త ఇంటికి పంపీనేదా? నెల్లాల్లు అక్కడే ఉంచినాం. నీ ఒంటి మీద ఒక్క పొక్కు పడనిస్తేనా! ఏటి, ఎందుకడుగుతున్నావు?"

సుహాసిని ఫోను పెట్టేసింది. ఆమని నర్సమ్మకి ఫోను కలిపింది. ఈసారి ఎవరు, ఎప్పుడు, ఎలాగ, అన్నీ చెప్పింది.  "పొద్దున్న పదింటికా? ఇప్పుడా సెప్పడం?" అంది నర్సమ్మ. వెంటనే తమాయించుకుని, "సరే. శ్రీకాకులం పెద్దాసుపత్రికి బయల్దేరమను. నాను డాక్టరమ్మకి సెప్తాను," అంది.

రమేష్‌బాబు ఆటో తెచ్చేసరికి అయిదయింది. అతను ఆమనిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆమనికి అనిపించింది. సుహాసిని అత్త ఎక్కింది. సుహాసిని ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని మెట్లు దిగి, ఆటో కడ్డీ పట్టుకుని ఆగింది.

"అప్పా..." అంది ఆమని.

"ఫొటో తీసినపుడు మర్సిపోనావు. అది సరేలే, మడుసులం, మర్సిపోతాం." సుహాసిని గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "సెమట పొక్కులని నానన్నానే. నా మొకంలోకి సూసి జొరం అన్నావు. అప్పుడు నీకు ఎరికే కదే."

ఆటో కదిలింది.

 జగ్గమ్మ ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసి, అరుగు మీద ఫోను పక్కన పెట్టుకుని కూచుంది. రాత్రి ఎనిమిది దాటాక రమేష్‌బాబు ఫోను వచ్చింది. జగ్గమ్మ ఊఁ కొడుతూ వింది. పెట్టేశాక లోపలికి వినబడేలా చెప్పింది.

"ఇంజక్షన్ సేసినారంట. అయినా సెప్పలేమంటన్నారు. నెల దాకా ఒల్లు సూసుకుంటా ఉండమన్నారంట, ఒక్క పొక్కు కనబడినా రమ్మన్నారంట."

మళ్ళీ తనే, "పిల్ల గోకీసుకుంటన్నాది, సూడు," అంది.

పైడిశ్రీ దురదకి నిద్రలోంచి లేచి ఏడుస్తోంది. ఆమని మంచం మీద కూచుని పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. పొక్కులన్నీ ఒక్కొక్కటిగా పక్కు కడుతున్నాయి. పొద్దుటికీ ఇప్పటికీ ఎన్ని ఎండాయో చూసుకోబోయింది. వెనక వీధిలో ఇంకొక మనిషి రేపటినుంచి ప్రతి ఉదయం తన ఒంటిని ఇలాగే చూసుకుంటుందని గుర్తొచ్చి ఆగిపోయింది.

"వదులమ్మా, దురదా," అని పిల్ల గింజుకుంది.

ఆమని వదల్లేదు.