పన్నెండున్నరకు ఒక కంచం

అన్నం గిన్నె మూత తీసి మొదటి గంటె ఎవరి కంచంలో వేయాలన్న ప్రశ్న తారాబాయికి ఇరవై రెండేళ్లలో ఎన్నడూ రాలేదు. మామగారు ఉన్నన్నాళ్లు ఆయనకు, ఆయన పోయాక భర్త దామోదర్‌రావుకు, రెండో గంటె మరిది బాలకిషన్‌రావుకు. ఎనిమిది నెలలుగా మాత్రం ఆ మొదటి గంటె తోడికోడలు ప్రమోదినిది. గోడ గడియారం పన్నెండున్నర కొట్టగానే ముప్పై ఏళ్ల ఆ చిన్నది వచ్చి పీట మీద కూర్చునేది. ఆవిరి ఇంకా పైకి లేస్తున్న అన్నం, ఉప్పు తగ్గించి విడిగా వండిన సొరకాయ కూర, కాచి చల్లార్చిన నీళ్లు. తారాబాయి పక్కన నిలబడి వడ్డించేది. నిలబడినంతసేపూ ఆమె చూపు కంచం మీదే ఉండేది.

కరీంనగర్‌లోని ఆ ఇంట్లో మగవాళ్ల కంటే ముందు ఆడమనిషి తినడం ఎవరూ ఎరగరు. జమ్మికుంటలో పత్తి వ్యాపారం చూసుకుని అన్నదమ్ములు ఇల్లు చేరేసరికి మూడవుతుంది. వాళ్లు తిన్నాక అత్తగారు జానకీబాయి, ఆఖరున కోడళ్లు. కాలేయం పూర్తిగా చెడిపోవడంతో ప్రమోదిని మద్రాసుకు వెళ్లి, ప్రమాదంలో పోయిన ఎవరిదో కాలేయం పెట్టించుకుని తిరిగి వచ్చింది. ఆమెతో ఒక కాగితం కూడా వచ్చింది. బాలకిషన్‌రావు దాన్ని తెలుగులో రాసి వంటింటి తలుపుకు అంటించాడు. మాత్రలు, భోజనం వేళ తప్పకూడదు. అప్పుడే వండింది తినాలి, నిన్నటిది ముట్టకూడదు. పొద్దున అరగంట నడవాలి, మధ్యాహ్నం పడుకోవాలి. మనసు కష్టపెట్టుకోకూడదు. చివరి వరుస: మాత్రల వల్ల బుగ్గలు ఉబ్బుతాయి, అది బలమని పొరబడవద్దు. కొత్త కాలేయాన్ని ఒళ్లు పరాయిదని తరిమేయకుండా ఆ మాత్రలు ఒంటి కాపలాను నిద్రపుచ్చుతాయట. అందుకే ఆమెకు పాచిపోయిన ఒక్క ముద్ద కూడా ప్రాణం మీదికి తేగలదు.

తారాబాయి ఆ కాగితాన్ని రోజూ చదివేది. చదివిన కొద్దీ అది రోగి కోసం రాసినట్టు కాక, తను ఎవరినీ అడగలేకపోయిన కోరికలను ఎవరో దొంగచాటుగా విని రాసినట్టు ఉండేది. వేడి అన్నం. పగటి నిద్ర. పొద్దున్నే గేటు దాటి అరగంట నడక. మనసు అనేది ఒకటి ఉందని, దానికి కష్టం కలుగుతుందని ఒక డాక్టరు ఒప్పుకోవడం. ఇన్నేళ్లలో 'ఏం మిగిలింది?' అని అడిగినవారే తప్ప 'తిన్నవా?' అని తనను అడిగినవారు ఈ ఇంట్లో లేరు. చావు అంచుదాకా వెళ్లొచ్చిన పిల్లను చూసి కుళ్లుకునేంత అల్పురాలినా తను? ఆ ప్రశ్న వేసుకున్నప్పుడు సిగ్గు కలిగేది. సిగ్గు వల్ల అసూయ తగ్గలేదు, అది పైకి మాటగా రావడం మాత్రం మానింది.

"చిన్నదొరసానికి చావు తప్పినంక రాజభోగం దొరికింది" అని గిన్నెలు తోమే ఐలవ్వ ఒకనాడు నవ్వింది. తారాబాయి అవసరమైన దానికంటే ఎక్కువ నవ్వింది.

ఆ మర్నాడే జానకీబాయి వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ అడిగింది.

"ఎట్లున్నదే తారా, చిన్నదానికి? గా కాగితం ఇంకెన్నొద్దులు?"

"మంచిగనే ఉన్నదత్తమ్మా. బుగ్గలు గూడ వచ్చినయి."

ఒక్క మాట. కంటికి కనిపించినదే చెప్పింది. అయినా అది అబద్ధమని, కాగితంలోని చివరి వరుస కంఠతా వచ్చిన తనకంటే ఎవరికి తెలుసు?

"అయితే ఇగ సాలు. రేపటి సంది మొగోళ్లు తిన్నంకనే కూసోండ్రి ఇద్దరు. ఇంటికొక పద్ధతుండాలె."

మర్నాడు పన్నెండున్నర అయింది. ప్రమోదిని గడియారం వైపు చూసింది, తారాబాయి వైపు చూసింది, మళ్లీ లోపలికి వెళ్లింది. మూడున్నరకు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చల్లారిన అన్నం, అడుగున మిగిలిన కూర తిన్నారు. తారాబాయికి గుండెల్లో ఏదో చల్లబడింది. ఆ చల్లదనం ఎలాంటిదో విచారించడానికి ఆమె ఇష్టపడలేదు. కాగితం రాసిన బాలకిషన్‌రావు ఏమీ గమనించలేదు. రాయడంతో తన పని అయిపోయిందని అతని నమ్మకం.

నాలుగో రోజు చుట్టాలు వచ్చారు. వండినదంతా మొదటి బంతికే అయిపోయింది. ముందు రోజు రాత్రి మిగిలిన పప్పు తెచ్చి తారాబాయి ఇద్దరి కంచాల్లోనూ వేసింది. వేస్తూ ఒక్క క్షణం ఆగింది. ఆగిన సంగతి ఆమెకు జీవితాంతం గుర్తుంటుంది.

మర్నాటికి ప్రమోదినికి జ్వరం, వాంతులు, విరేచనాలు. బాలకిషన్‌రావు భార్యను జీపులో పడుకోబెట్టుకుని మద్రాసు ప్రయాణమయ్యాడు. పన్నెండు రోజులు మద్రాసు నుంచి ఫోన్ కోసం ఇల్లంతా ఎదురుచూసింది.

"నీ చేతి వంటనే గదనే! నువ్వు సూసుకోకపోతే ఎవరు సూస్తరు?" అన్నది జానకీబాయి, పద్ధతి గురించి తనన్న మాట మరిచి.

దామోదర్‌రావు చేయి కడుక్కుంటూ అన్నాడు. "ఆ పిల్లకు యాళ్లకు ఒక్క కంచం పెట్టుడు గూడ బరువైందా నీకు?"

ఒక్క కంచం. ఆ మాట ఆమె లోపల చాలా రోజులు తిరిగింది. కంచం బరువు కాలేదు. ఆకలితో దాని పక్కన నిలబడడం బరువైంది. ఆ పిల్ల దగ్గర ఉన్నది తనకూ ఉండాలని కోరుకునే ధైర్యం లేక, ఆ పిల్లకు కూడా లేకుండా చేసింది. ఇరవై రెండేళ్లు ఈ ఇల్లు తనకు నేర్పిన న్యాయం అదొక్కటే.

కొత్త కాలేయం నిలిచింది. సగమై తిరిగొచ్చిన ప్రమోదిని మంచం పక్కన తారాబాయి కూర్చుంది.

"చెల్లే, అత్తమ్మకు గట్ల చెప్పింది నేనే."

"ఎరుకే అక్కా. అర్రల నుంచి ఇన్న."

"మరి అడగవైతివి?"

ప్రమోదిని ఆమె వైపు తిరిగింది. "నువ్వు నిలబడి నా కంచం దిక్కు సూస్తుంటే ముద్ద దిగకపోయేది. వద్దందామంటే బతకాలని ఉండె. నీతోని కూసోని తిన్న గా నాలుగొద్దులే నాకు అన్నం రుచైంది, అక్కా. అందుకే నోరు తెరవలే."

తారాబాయి లేచి వంటింట్లోకి పోయింది. సగం ఊడి వేలాడుతున్న కాగితాన్ని తలుపు మీద నాలుగు మూలలా మళ్లీ అంటించింది. గడియారం పన్నెండున్నర కొట్టింది. ప్రమోదినిని నడిపించుకొచ్చి కూర్చోబెట్టి మొదటి గంటె ఆమెకు వడ్డించింది. పక్కన ఇంకో పీట వాల్చి, ఇంకో కంచం పెట్టి, రెండో గంటె అందులో వేసుకుని కూర్చుంది. ఆవిరి ముఖానికి తగిలింది. అన్నం అంత వేడిగా ఉంటుందని వండిన మనిషికే తెలియదు. వేళ్లు కాలాయి.

జానకీబాయి గడప దగ్గర ఆగిపోయింది. "ఏందే ఇది? ఇంకా మొగోళ్లు ఇంటికే రాలే. దానికైతే రోగం. నీకేమొచ్చింది?"

తారాబాయి ముద్ద మింగి తలెత్తింది.

"నాకే రోగం లేదత్తమ్మా. ఆకలైతుంది. మీకు కాదా?"