తరుగు తీయని తూకం

తెనాలి ఆసుపత్రిలో యోబు ఎక్కితే, బరువు చూసే మిషను నూటయాభై దాటగానే అంకెలు చూపడం మానేసింది. ఎకో తీస్తే కొవ్వు అడ్డం వచ్చి గుండె సరిగా కనబడలేదు. యాంజియోగ్రాం తప్పదని డాక్టరు సింధు చెప్పింది.

"మా బల్ల రెండు వందల కిలోల వరకే మోస్తుందండి. పరీక్ష చేస్తూ దాన్ని అటూ ఇటూ జరుపుతాం. మధ్యలో ఆగిపోతే మీకే ప్రమాదం. మందు మోతాదు కూడా బరువును బట్టే. ఎక్కడైనా తూయించుకుని కచ్చితంగా చెప్పండి, యోబు గారూ."

యోబుకు నవ్వొచ్చింది. రేపల్లె రైసుమిల్లులో ధాన్యం కాటా వేసేది అతనే. తన బరువు మాత్రం ఏనాడూ చూసుకోలేదు. తిరిగొచ్చే రైల్లో, నాలుగడుగులకే పట్టేసే ఛాతీ కంటే ఆ అంకె మీదే ధ్యాస పోయింది.

మిల్లులో భార్య ఫ్లోరెన్స్ చెయ్యి పట్టుకుని కాటా ఎక్కాడు. అంకెల పెట్టె అవతలి వైపుకు తిరిగి ఉంది. దాని ముందు తోటి పనివాడు రామలింగం నిలబడ్డాడు.

"కదలకన్నా, అంకె నిలవట్లేదు. ఆఁ... నూట తొంభై ఏడు!"

"దేవునికి స్తోత్రం. తెనాల్లోనే అయిపోద్ది," అంది ఫ్లోరెన్స్.

యోబు దిగలేదు. రామలింగం అంకె చెప్పిన గొంతు, తాను రైతులకు తూకం చెప్పే గొంతే.

"తరుగు తీశావా?"

రామలింగం నాలిక్కరుచుకున్నాడు. తేమకనీ తాలుకనీ బస్తాకు రెండు కిలోలు తగ్గించి చెప్పడం ఆ మిల్లులో వాడుక.

"నోటికి అలవాటైపోయిందన్నా. దగ్గర దగ్గర మూడు బస్తాలున్నావని ఆరు కిలోలు కోసేశా."

"నేనేమన్నా పచ్చి ధాన్యాన్నా? పెట్టె ఇటు తిప్పు."

రెండు వందల మూడు. యోబు ఆ అంకెను చాలాసేపు చూశాడు.

"మూడు కిలోలకే బల్ల ఆగిపోద్దా ఏంటి? ముందు చెప్పిందే చెప్పెయ్," అన్నాడు రామలింగం.

యోబు తల అడ్డంగా ఊపాడు.

"తూకం తేడా వస్తే రైతు ఇంటికెళ్లి మనల్ని తిట్టుకుంటాడు. నేనెక్కడికెళ్లి తిట్టుకోనురా?"

యోబు కాటా దిగకుండానే డాక్టరుకు ఫోను చేసి అంకె చెప్పాడు.

"సరిగ్గానే తూశారా?"

"తరుగు తీయకుండా అండి."

"అయితే ఇక్కడొద్దు. గుంటూరులో పెద్ద బల్ల ఉన్నచోట మాట్లాడి పంపిస్తాను. అవునూ, తరుగంటే ఏంటండి?"

యోబు ఫోను రామలింగం చేతిలో పెట్టాడు.

"చెప్పరా. డాక్టరమ్మ అడుగుతోంది."