అత్తయ్య ఎక్కిన రోజే

ఆ కారు ఆగిపోయే తీరే వేరు. దగ్గదు, తుమ్మదు, పొగ వదలదు. నిక్షేపంలా పోతూ పోతూ ఉండగా ఎవరో తాళం తిప్పేసినట్టు చప్పున ఆగిపోతుంది. వెనకాల వాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తారు. ఇంటిల్లిపాదీ కిందికి దిగుతారు. బానెట్ ఎత్తి, లోపలున్న వాటిలో ఒక్కదానికీ పేరు తెలియకపోయినా అన్నీ తెలిసినట్టు తలలూపుతారు. మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. పాత కారు కొన్నవాడికి ఇలాంటి అవమానాలు మామూలే అనుకుని ఆ ఇంట్లో చాన్నాళ్లు సర్దుకుపోయారు.

కారు నడిపేది ఆ ఇంటి కోడలు. కళ్లజోళ్ల దుకాణంలో పని చేస్తుంది. ఊరికి ఆ చివర దుకాణం, ఈ చివర ఇల్లు. బస్సులో నలిగి నలిగి ఇల్లు చేరుతున్న కోడల్ని చూడలేక, చేతులు మారిన కారైనా సరే కొనాల్సిందేనని పట్టుబట్టింది అత్తగారే. కొడుక్కి కారంటే భయం, స్టీరింగ్ ముట్టుకోడు. "వాడి సంగతి వదిలెయ్, నువ్వు నేర్చుకో. నేను వెనకాల కూర్చుని ధైర్యం చెబుతా" అంది. అన్నట్టే కూర్చుంది. ఆ అత్తాకోడళ్లు కలిసి కారులో తిరగని వీధి లేదు. ఇరుగూ పొరుగూ కళ్లల్లో నిప్పులు పోసుకున్నా వాళ్లకి పట్టలేదు.

నోరు జారింది ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం. అత్తగారి చెల్లెలు పక్క ఊళ్లో ఉంటుంది, ఆవిణ్ణి చూడ్డానికని ముగ్గురూ బయల్దేరారు. వంతెన ఎక్కగానే కారు మొండికేసింది. ఎండ మాడ్చేస్తోంది, వెనకాల లారీవాడు తిట్ల దండకం అందుకున్నాడు. కోడలు దిగి, బానెట్ ఎత్తి, పక్కనే నిలబడ్డ మొగుడితో అనేసింది.

"గమనించారా? మీ అమ్మగారు ఎక్కిన రోజే ఆగుతుంది. నేనొక్కదాన్నే వెళ్తే ఏ రోగమూ లేదు. దీనికి ఆవిడంటే పడదు."

వేళాకోళానికే అంది. మొగుడు కూడా నవ్వాడు. కాని అత్తగారు ఇంకా కారు దిగలేదు, ఆవిడ పక్క కిటికీ అద్దం దించి ఉంది.

అత్తగారు ఆ రోజు ఇంటికి తిరిగొచ్చాక కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. ఆ తరవాత కారెక్కమంటే ఒకసారి మోకాళ్లంది, ఒకసారి ఇల్లెవరు చూస్తారంది, ఇంకోసారి ఎండంది. ఆవిడ ఇంట్లో మాట్లాడడం మానలేదు, మొహం మాడ్చుకోలేదు, కూరలో ఉప్పు తగ్గించలేదు. అలా చేసినా కోడలికి కాస్త నయంగా ఉండేది, పోట్లాడి తేల్చుకునేది. ఎప్పటిలా నవ్వుతూనే కారు దగ్గరికి మాత్రం రాకపోయేసరికి, ఆ మాట ఆవిడ ఎంత లోపల దాచుకుందో కోడలికి తెలిసిపోయింది.

కారు బాగుపడితే అదే సర్దుకుంటుందనుకుని కోడలు దాన్ని రేడియో మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్లింది. ఆయన బాగుచేసేది కార్లనే. నోరు మూతపడదని ఆ పేరు పెట్టారు. పేరు విని ఒకావిడ నిజంగానే పాత రేడియో పట్టుకొచ్చిందట, ఆయన దానితోనూ కాసేపు మాట్లాడి పంపించాడట.

"ఎప్పుడు ఆగుతుందమ్మా?" అన్నాడు మేస్త్రి. "ఎండలోనా? ఎత్తెక్కేటప్పుడా? గతుకుల్లోనా? ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడా? జబ్బు చెప్పకుండా మందెక్కడిస్తాం?"

కోడలు నీళ్లు నమిలింది. అత్తగారు ఎక్కినప్పుడే అని ఎలా చెప్పడం? వింటే ఊరంతా ఏమనుకుంటుంది? పైగా చెప్పాల్సింది ఈ రేడియోకి.

"అలా ఏం లేదు మేస్త్రీ. దానిష్టం వచ్చినప్పుడు" అంది.

కళ్లజోళ్ల దుకాణానికి వచ్చి, కన్ను ఎప్పటినుంచి మసకగా ఉందో చెప్పకుండా నసిగే వాళ్లని చూస్తే కోడలికి ఒళ్లు మండుతుంది. ఆ సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మేస్త్రి పెట్రోలు ఫిల్టర్ మార్చాడు. కారు బాగానే తిరిగింది, కొడుకు బతిమాలగా బతిమాలగా అత్తగారు ఒకసారి ఎక్కింది, వీధి మలుపులో సైకిలు వాడు అడ్డొస్తే చూసుకో అంది, అంతే, కారు ఆగిపోయింది. ఆవిడ చడీచప్పుడు లేకుండా దిగి ఇంటికి నడిచి వెళ్లిపోయింది. కారు మళ్లీ షెడ్డుకి పోయింది. వేడెక్కితే కాయిల్ మొరాయిస్తుందని చెప్పి మేస్త్రి ఈసారి కాయిల్ మార్చాడు. బ్యాటరీ బిగింపులు గీకి శుభ్రం చేశాడు. పెట్రోలు పంపు జుమ్మని మోగుతోందో లేదో చెవి పెట్టి విన్నాడు. తనే వేసుకుని ఊరంతా తిరిగొచ్చాడు.

"నా దగ్గర ఆగదమ్మా ఇది. నేనంటే హడల్" అని మీసం మీద చెయ్యేశాడు. మీసానికి గ్రీజు అంటింది.

అలా ఉండగా అత్తగారి చెల్లెలు మంచం పట్టిందని కబురొచ్చింది. అక్కని చూడాలని ఒకటే కలవరిస్తోందట. అత్తగారు మారుమాట లేకుండా సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

"రేపు పొద్దున్నే బస్సుకి పోతా" అంది కొడుకుతో. "మధ్యలో దిగి ఇంకోటి ఎక్కాలంతే. మీ కారు మీద వచ్చి, దారిలో అది ఆగిపోయి, చెల్లెలి ఆఖరి చూపు పోగొట్టుకోలేను."

మెట్టు దిగడానికి గోడ పట్టుకునే మనిషి, ఆ మోకాళ్లతో రెండు బస్సులు ఎక్కి దిగుతానంటోంది. అదంతా తను అన్న ఒక్క మాటకి. కోడలు ఇంక ఆగలేకపోయింది. దుకాణానికి సెలవు చెప్పి, కారు తీసుకుని తిన్నగా షెడ్డుకి వెళ్లింది.

"మేస్త్రీ, మీకు ఒకటి చెప్పలేదు. నవ్వకూడదు. మా అత్తయ్య ఎక్కితేనే ఆగుతుంది. ఇంకెవరు ఎక్కినా ఆగదు."

మేస్త్రి చేతిలో స్పానరు కింద పెట్టాడు. ఆయన నోట మాట రాకపోవడం ఆ షెడ్డులో అందరికీ కొత్త.

"ఎక్కడ కూర్చుంటారు ఆవిడ?" అన్నాడు చివరికి.

"నా వెనకాల."

"మనిషి బరువేనా?"

"బరువే."

"ఆగాక అందరూ దిగుతారా? దిగాకే స్టార్టవుతుందా?"

"అవును."

"అయ్యో తల్లీ!" అని నెత్తి కొట్టుకున్నాడు మేస్త్రి. "ఇది మొదటి రోజే చెప్పుంటే బంగారం లాంటి కాయిల్ పీకి అవతల పారేసేవాణ్ణా? పెట్రోలు పంపు ఉండేది మీ అత్తగారి కిందేనమ్మా!"

వెనక సీటు ఎత్తి చూపించాడు. డ్రైవరు వెనకాల, నేల రేకులో గుండ్రటి మూత, దాని కింద ట్యాంకు, ట్యాంకులో పంపు. దానికి కరెంటు మోసుకొచ్చే తీగలు సీటు ముందంచు కింద నుంచి పోతున్నాయి. మేస్త్రి తీగలన్నీ లాగి చూశాడు, మెలిపెట్టి చూశాడు. పంపు జుమ్మంటూనే ఉంది.

"పైకి బానే ఉన్నాయి. ఏదో ఒకటి లోపల తెగి, తెగినా తగులుకుని ఉంటుంది. అది ఏ తీగో, ఎక్కడ తెగిందో, కారు ఆగితే తప్ప తెలీదు. మళ్లీ గుడ్డిగా ఏదో మార్చి మీ ముందు తలెత్తుకోలేను."

సీటు బిగించి తను కూర్చున్నాడు. ఆయన కర్రపుల్ల లాంటి మనిషి, సీటుకి ఎవరో కూర్చున్నారన్న సంగతే తెలియలేదు. బరువుకని రెండు పాత బ్యాటరీలు తెచ్చి సీటు మీద పెట్టాడు. కారు హాయిగా తిరిగొచ్చింది. మేస్త్రి చేతులు తుడుచుకున్నాడు.

"లాభం లేదు. పెద్దమ్మగారే రావాలి."

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు సంచికి జిప్పు లాగుతోంది. కోడలు ఆవిడ ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, మీరొక్కసారి కారెక్కాలి."

"ఎందుకూ? మళ్లీ ఆగడానికా?"

"అవును. ఆగడానికే. ఆగితే గాని జబ్బేమిటో మేస్త్రికి దొరకదట."

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిసింది, అయినా బాధనిపించింది. ఇన్నాళ్లూ తను ఎక్కితే ఆగుతుందని దూరంగా ఉంటే, ఇప్పుడు ఆపడానికే రమ్మంటున్నారు. కోడలి కళ్ల కింద నలుపు చూసి సంచి పక్కన పెట్టింది.

"పద" అంది.

కోడలి వెంటే వచ్చిన మేస్త్రి కారులో ముందు సీట్లో సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. షెడ్డు వెనక ఉన్న ఖాళీ రోడ్డు మీద కోడలు కారు తిప్పడం మొదలుపెట్టింది. మేస్త్రి చెవి వెనక సీటు వైపు పెట్టి, నోరు మాత్రం ముందుకే ఉంచి ఆగకుండా మాట్లాడుతున్నాడు. మలుపు తిరిగారు, గతుకుల్లోకి దింపారు, బ్రేకులు వేశారు. ఆగలేదు. మళ్లీ తిరిగారు. గడియారంలా నడుస్తోంది. మేస్త్రికి చెమటలు పట్టాయి.

"పోనీలే నాయనా, దానంతటదే బాగుపడిందేమో" అంది అత్తగారు.

"దానంతటదే బాగుపడేది జలుబొక్కటే పెద్దమ్మగారూ. కార్లు బాగుపడవు."

కోడలు అద్దంలోకి చూసింది. అత్తగారు కనబడింది. వీపు సీటుకి ఆనించి, ఒళ్లో చేతులు పెట్టుకుని, పరాయి వాళ్ల కారు ఎక్కిన మనిషిలా బిగుసుకుని కూర్చుంది. ఈ అద్దంలో ఆవిడ మొహం ఇలా నిండుగా ఎప్పుడూ కనబడలేదే అనిపించింది కోడలికి. ఎందుకు కనబడలేదో అప్పుడు తట్టింది. ఆవిడ ఎప్పుడూ ఇలా వెనక్కి వాలి కూర్చుంటేగా! సీటు అంచుకి జరిగి, ముందుకు వంగి, కోడలి భుజం మీద చెయ్యేసి, చెవి పక్కన కబుర్లు చెబుతూ ఉండేది. అడుగో సైకిలు వాడొస్తున్నాడు చూసుకో, ఆ లారీకి దారివ్వు వాడితో మనకెందుకు, పక్కింటావిడ నిన్న ఏమందో తెలుసా... ఆవిడ బరువంతా ఆ ముందంచు మీదే ఉండేది. ఇవాళ ఆ చెయ్యీ లేదు, ఆ కబుర్లూ లేవు. కారు ఎందుకు ఆగుతుంది?

కొంచెం ముందుకు జరగండి అత్తయ్యా అంటే సరిపోయేది. అందామనే నోరు తెరిచింది. తీరా ఆ మాట రాలేదు.

"ఆ రోజు వంతెన మీద నేనన్న మాట మీరు విన్నారు" అంది. "నాకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్లు నోరు విప్పలేదు. కారు బాగుపడితే చాల్లే, నేనేం చెప్పక్కర్లేదు అనుకున్నా. తప్పయిపోయింది అత్తయ్యా. మీరు లేకుండా నాకు ఈ కారులో తోచడం లేదు. ఒక్కదాన్నే వెళ్లి ఒక్కదాన్నే వస్తున్నా. మీరు బస్సెక్కి వెళ్తానంటే..."

కళ్ల నిండా నీళ్లు, రోడ్డు అలుక్కుపోయింది. మేస్త్రి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఓసి పిచ్చిదానా, రోడ్డు చూడు!" వెనక నుంచి అత్తగారు గబుక్కున ముందుకొచ్చింది. సీటు అంచున కూర్చుని కోడలి భుజం గట్టిగా పట్టుకుంది. "ముందు రోడ్డు చూడు! ఏడుస్తూ నడుపుతారా ఎవరైనా? పక్కకి తియ్, పక్కకి..."

తియ్యక్కర్లేకుండానే కారు ఆగిపోయింది. చప్పున, ఎవరో తాళం తిప్పేసినట్టు.

"ఆగింది!" మేస్త్రి అరిచిన అరుపుకి ఎదురుగా వస్తున్న సైకిలు వాడు దిగిపోయాడు. "ఆగిందమ్మా! పెద్దమ్మగారూ, మీకు దణ్ణం పెడతా, కదలకండి! ఊపిరి తీసుకోండి, కదలకండి అంతే!"

తలుపు తోసుకుని దూకి, వెనక తలుపు తెరిచి, అత్తగారి కాళ్ల దగ్గర నేల మీదికి బోర్లా పడ్డాడు. సీటు కిందికి చెయ్యి దూర్చి తీగలు ఒక్కొక్కటీ తడమడం మొదలుపెట్టాడు.

అత్తగారు వంగినది వంగినట్టే ఉంది. చెయ్యి కోడలి భుజం మీద, మొహం ఆమె చెవి పక్కన.

"విన్నానే" అంది మెల్లగా. "ఆ రోజే విన్నాను. అప్పుడు నవ్వొచ్చింది కూడా. పడుకున్నాక ఏడుపొచ్చింది. నిజమేనేమో, నా వల్లే మీకు ఇబ్బందేమో అనిపించింది."

"మీ వల్ల కాదు అత్తయ్యా."

"నా వల్లే. ఇప్పుడు ఆగలేదూ?" అంది అత్తగారు. కోడలు ఏడుస్తూనే నవ్వేసింది. అత్తగారు తన పమిట చెంగుతో ఆమె కళ్లు తుడిచి, ముక్కు కూడా తుడిచి, రేపు ఎన్నింటికి బయల్దేరితే చెల్లెలి ఇంటికి పెందలాడే చేరతామో లెక్క వెయ్యడం మొదలుపెట్టింది. కోడలు మధ్యలో దుకాణానికి ఇంకో రోజు సెలవు ఎలా అడగాలా అని బెంగపడింది. దానికి అత్తగారి దగ్గర నాలుగైదు అబద్ధాలు సిద్ధంగా ఉన్నాయి.

సీటు కింద నుంచి మేస్త్రి కేక వినిపించింది. "దొరికింది! సీటు ఇనప కమ్మీ సరిగ్గా దీని మీద నొక్కుతోంది, లోపల రాగి తీగ రెండు ముక్కలు, నొక్కితే విడిపోతున్నాయి! పెద్దమ్మగారూ, అయిపోయిందమ్మా, ఇంక వెనక్కి జరిగి కూర్చోవచ్చు."

"నీ పని నువ్వు చూసుకో నాయనా" అంది అత్తగారు. "మేం మాట్లాడుకుంటున్నాం."